విచర్ కామిక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

విచర్ వీడియో గేమ్ ఆడినవాళ్లు, నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్ చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాటిలోని అదే కథానాయకుడు గెరాల్ట్‌తో ముప్పై ఏళ్లుగా కామిక్స్ వస్తున్నాయని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. తెలిసినవాళ్లు కూడా ఇన్ని పుస్తకాల్లో దేనితో మొదలుపెట్టాలో అర్థం కాక వదిలేస్తుంటారు. నాకు ప్రాణమైన సిరీస్ ఇది. అందుకే ఎక్కువగా వినిపించే ప్రశ్నలు ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను. ఏ కథకీ ముగింపు చెప్పలేదు, స్పాయిలర్ల భయం లేకుండా చదవండి.

అసలు విచర్ అంటే ఎవరు? ఏమీ తెలియనివాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి.

డబ్బు తీసుకుని రాక్షసుల్ని వేటాడేవాడు. అదే అతని వృత్తి, వేరే పని చేతకాదు. చిన్నపిల్లల్ని తీసుకెళ్లి కొండల మధ్య కోటల్లో పెంచి, మూలికలతో, మందులతో వాళ్ల శరీరాల్ని మార్చేస్తారు. ఆ పరీక్షల్లో చాలామంది పిల్లలు చనిపోతారు. బతికి బయటపడ్డవాడికి చీకట్లో కూడా చూడగల పిల్లికళ్లు, మామూలు మనుషులకి లేని వేగం వస్తాయి. బదులుగా పిల్లల్ని కనే శక్తి పోతుంది. మన కథానాయకుడు గెరాల్ట్ పెరిగింది కేర్ మోరెన్ అనే కోటలో. అతని మీద మిగతావాళ్లకంటే ఎక్కువ ప్రయోగాలు జరిగాయి, తెల్లజుట్టు వాటి వల్ల వచ్చిందే. దగ్గర రెండు కత్తులుంటాయి, ఒకటి ఉక్కుది, ఒకటి వెండిది. మెడలో తోడేలు తల ఉన్న పతకం. గుర్రం పేరు రోచ్. గుర్రం చచ్చిపోయి కొత్తది వచ్చినా పేరు మాత్రం రోచే.

ఇతను ఊళ్లోకి వస్తే జనం తలుపులు వేసుకుంటారు. పిల్లల్ని లోపలికి లాక్కుంటారు. పొలంలో దెయ్యం తిరిగితే మాత్రం అదే జనం వచ్చి బతిమాలతారు, పని అయ్యాక డబ్బులిచ్చే దగ్గర బేరమాడతారు. విచర్ కథల బలమంతా ఈ పరిస్థితిలోనే ఉంది. మంచి విచర్ కామిక్ ఏదైనా తీసుకోండి, ఊరు చిన్నది, గొడవ చిన్నది. చదువుతూ చదువుతూ ఉంటే గెరాల్ట్‌కి చూపించిన రాక్షసుడు ఒకరు, అసలు తప్పు చేసింది ఇంకొకరు అని మెల్లగా తెలుస్తుంది. మనం చిన్నప్పుడు చదువుకున్న భేతాళ కథల్లో చివర 'ఇందులో తప్పు ఎవరిది?' అని అడిగితే విక్రమార్కుడు జవాబు చెప్పేవాడు. గెరాల్ట్‌నీ ప్రతి ఊళ్లో అదే అడుగుతారు, అతనికి మాత్రం చాలాసార్లు జవాబు దొరకదు.

ఈ కామిక్స్ నవలల నుంచి వచ్చాయా, గేమ్స్ నుంచి వచ్చాయా?

రెండింటి నుంచీ వచ్చాయి. ఏది దేని నుంచి వచ్చిందో తెలిస్తే చదవడం సులువవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆంజెయ్ సప్కోవ్‌స్కీ 1948లో పోలండ్‌లోని వూచ్ నగరంలో పుట్టాడు. 'ఫాంటాస్తికా' అనే పోలిష్ సైన్స్ ఫిక్షన్ పత్రిక కథల పోటీ పెడితే ఒక కథ పంపాడు. దానికి మూడో బహుమతి వచ్చింది. 1986 డిసెంబర్ సంచికలో అచ్చయిన ఆ కథే 'వియెజ్మిన్', అంటే విచర్. తన చెల్లెలితోనే బిడ్డని కన్న ఫోల్టెస్ట్ అనే రాజు, చచ్చి పుట్టి ఏడేళ్ల తర్వాత సమాధిలోంచి లేచి మనుషుల్ని తినే ఆ రాజకుమార్తె, ఆమెని చంపకుండా శాపం తీయమని రాజు గెరాల్ట్‌ని అడగడం, కథ ఇదీ. పాఠకులు ఇంకా కావాలన్నారు. కథలు పెరిగి రెండు సంపుటాలయ్యాయి. తర్వాత 1994 నుంచి 1999 లోపు 'బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్' మొదలు 'లేడీ ఆఫ్ ది లేక్' దాకా ఐదు నవలలు వచ్చాయి. 2013లో 'సీజన్ ఆఫ్ స్టార్మ్స్' అనే విడి నవల వచ్చింది.

పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఈ లోకాన్ని తీసుకుని 2007లో మొదటి గేమ్, 2011లో రెండోది, 2015 మే నెలలో మూడోది 'వైల్డ్ హంట్' విడుదల చేసింది. మూడో గేమ్ ఒక్కటే 5 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. నవలల్లో కథ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి గేమ్స్ సొంత కథ అల్లుకున్నాయి.

అమెరికాలో డార్క్ హార్స్ సంస్థ ప్రచురిస్తున్న కామిక్స్ సీడీ ప్రాజెక్ట్ రెడ్‌తో కలిసి చేస్తున్నవి. కాబట్టి వాటిలో గెరాల్ట్ మొహం, కవచం, ఊళ్ల వాతావరణం గేమ్‌లో చూసినట్టే ఉంటాయి. కథలు మాత్రం కొన్ని పూర్తిగా కొత్తవి, కొన్ని సప్కోవ్‌స్కీ రాసినవాటికి చిత్రరూపాలు.

మొదటి విచర్ కామిక్ డార్క్ హార్స్‌దేనా?

కాదు. చాలామందికి తెలియని సంగతి ఇది, తెలియాల్సిన సంగతి కూడా. గేమ్స్ గురించి ఎవరూ కలలో కూడా అనుకోని రోజుల్లో, 1993 నుంచి 1995 మధ్య, పోలండ్‌లో ఆరు విచర్ ఆల్బమ్‌లు వచ్చాయి. స్క్రిప్ట్ మాచెయ్ పరోవ్‌స్కీది, బొమ్మలు బొగుస్వావ్ పోల్హ్‌వి. పరోవ్‌స్కీ ఊరికే దొరికిన రచయిత కాదు. సప్కోవ్‌స్కీ తొలికథ అచ్చయిన 'ఫాంటాస్తికా' పత్రికలో సంపాదకుడు ఆయనే. పోల్హ్ అప్పటికే 'ఫంకీ కోవల్' అనే సైన్స్ ఫిక్షన్ కామిక్‌తో పోలండ్ అంతటా పేరున్న ఆర్టిస్ట్.

ఆ ఆరు ఆల్బమ్‌లలో 'లెసర్ ఈవిల్', 'లాస్ట్ విష్' లాంటి తెలిసిన కథలున్నాయి, పుస్తకాల్లో లేనివీ ఉన్నాయి. గెరాల్ట్ తల్లిదండ్రుల కథ, కేర్ మోరెన్‌లో అతని కుర్రతనం ఇందులో కనిపిస్తాయి. మొదటి ఆల్బమ్ సప్కోవ్‌స్కీ విడిగా రాసిన ఒక కథ ఆధారంగా వచ్చింది. మూలకథలో కోరిన్ అనే వీరుడు గెరాల్ట్‌కి తండ్రి అని ఎక్కడా ఉండదు. కామిక్ ఆ బంధాన్ని కలిపేసింది. పోలిష్ అభిమానులు దాని మీద ఇప్పటికీ వాదించుకుంటారు.

పోల్హ్ గీసిన గెరాల్ట్‌ని చూసి గేమ్ అభిమానులు నిరాశపడతారు. గడ్డం లేదు, కండలు తిరిగిన శరీరం లేదు. అయినా ఆ పుటల్లో ఊళ్లని చూడండి. బురద, పుల్లల కంచెలు, చర్చి గోపురాలు, సంతలో జనం మొహాలు. పోలండ్ పల్లె ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి గీసిన గీతలవి. పరోవ్‌స్కీ 2019లో, పోల్హ్ 2020లో చనిపోయారు. నా ఉద్దేశంలో వాళ్లిద్దరికీ దక్కాల్సిన పేరు పోలండ్ బయట దక్కలేదు.

పోల్హ్ తర్వాత డార్క్ హార్స్ దాకా మధ్యలో ఏమీ రాలేదా?

వచ్చింది. రెండో గేమ్ విడుదలైన 2011లోనే పోలండ్‌లో 'రాచ్యా స్తాను' పేరుతో రెండు సంచికల కథ వచ్చింది. మిహావ్ గావెక్ రాశాడు, అర్కాదియుష్ క్లిమెక్ గీశాడు. సేకరించేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి అంతగా అవసరం లేదు.

డార్క్ హార్స్ సిరీస్‌లో ఏమేం ఉన్నాయి?

'హౌస్ ఆఫ్ గ్లాస్' (2014, ఐదు సంచికలు). రచన పాల్ టోబిన్, చిత్రాలు జో క్వెరియో. గెరాల్ట్‌కి దారిలో యాకోబ్ అనే వేటగాడు తోడవుతాడు. అతని భార్య చనిపోయి రక్తం తాగే బ్రుక్సాగా మారింది. వాళ్లు వెళ్తుంటే ఆమె దూరంగా గుట్టల మీద నిలబడి మొగుడినే చూస్తూ ఉంటుంది. దగ్గరికి రాదు, వదిలి వెళ్లదు. ఆ తర్వాత అడవి మధ్యలో రంగుటద్దాల కిటికీలున్న ఒక పెద్ద ఇల్లు ఎదురవుతుంది. లోపలికి వెళ్తున్నకొద్దీ గదులు తరగవు. సగం పేజీలు నల్లసిరాలో మునిగి ఉంటాయి. తొలి సంచికకి 'హెల్‌బాయ్' సృష్టికర్త మైక్ మిన్యోలా ఒక వేరియంట్ కవర్ కూడా గీశాడు, లోపలి నీడల్లోనూ ఆయన దారి కనిపిస్తుంది.

'ఫాక్స్ చిల్డ్రన్' (2015, ఐదు సంచికలు). మళ్లీ అదే జంట. 'సీజన్ ఆఫ్ స్టార్మ్స్' నవలలోని ఒక భాగం నుంచి తీసుకున్న కథ. దొంగలు, పోకిరీలు నిండిన పడవలో గెరాల్ట్ ప్రయాణం చేస్తాడు. బిడ్డ కోసం ఒక మాయలమారి ఆడనక్క ఆ పడవ వెంటపడుతుంది. కళ్లకి కనిపించేది నిజమో కాదో పడవలో ఎవరికీ తెలియదు. భయం చివరిదాకా సడలదు.

అదే ఏడాది మూడో గేమ్ ప్రచారం కోసం 'కిల్లింగ్ మాన్‌స్టర్స్' అనే ఒకే సంచిక వచ్చింది. చిన్నది. చేతికి దొరికితే చదవండి, దాని కోసం వెతకాల్సిన పని లేదు.

'కర్స్ ఆఫ్ క్రోస్' (2016-17, ఐదు సంచికలు). టోబిన్‌తో పాటు గేమ్ రచయితలు బోరిస్ పుగాచ్-మురాష్‌కేవిచ్, కరోలినా స్టహీరా కథలో పాలుపంచుకున్నారు. బొమ్మలు ప్యోతర్ కోవాల్స్‌కీవి. నొవిగ్రాడ్ నగరంలో గెరాల్ట్, అతను కూతురిలా చూసుకునే సిరి కలిసి ఒక స్ట్రిగాని వేటాడతారు, గెరాల్ట్ ప్రేమించిన మంత్రగత్తె యెనిఫర్ కూడా ఉంటుంది. 1986 నాటి తొలికథలో రాకుమార్తె కూడా స్ట్రిగానే కాబట్టి ఆ పాత వేట జ్ఞాపకాలు ఇందులో కలుస్తాయి. ఆ ముగ్గురి మధ్య మాటలు, అలకలు, వెక్కిరింతలు ఇష్టపడేవాళ్లకి ఇది పండగే.

'ఆఫ్ ఫ్లెష్ అండ్ ఫ్లేమ్' (2018-19, నాలుగు సంచికలు). అలెక్సాండ్రా మోటికా రాసింది, మరియానా స్ట్రిహోవ్‌స్కా గీసింది. గెరాల్ట్, అతని స్నేహితుడైన పాటగాడు డాండిలియన్ మాయద్వారం గుండా ఓఫిర్ అనే వేడిదేశంలో పడతారు. మూడో గేమ్‌కి అదనపు భాగంగా వచ్చిన 'హార్ట్స్ ఆఫ్ స్టోన్' ఆడినవాళ్లకి ఆ దేశం పేరు గుర్తుంటుంది. రంగులు కొత్తగా ఉన్నాయి కానీ కథ తొందరగా పరిగెత్తింది. నాకు అంతగా పట్టలేదు.

'ఫేడింగ్ మెమరీస్' (2020-21, నాలుగు సంచికలు). ఇక్కడి నుంచి బార్తోష్ స్టిబోర్ రచన. రాక్షసులు కనిపించడం మానేశారు, విచర్‌కి పని లేదు, చేతిలో డబ్బు లేదు, వేరే పని వెతుక్కోవాలి. కత్తి తప్ప ఏమీ తెలియని నడివయసు మనిషికి ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో చూపించిన కథ. అమాద్ మీర్ గీసిన గెరాల్ట్ మొహంలో ఆ అలసట కనిపిస్తూ ఉంటుంది. నాకు చాలా ఇష్టమైనది.

'విచెస్ లమెంట్' (2021, నాలుగు సంచికలు). మంత్రగత్తె అని ముద్రవేసి ఒక ఆడమనిషిని కట్టెల మీద కాల్చేస్తారు. గెరాల్ట్ అది కళ్లారా చూస్తాడు. ఆ తర్వాత ఆమె రూపం అతన్ని వదలదు. చిత్రాలు వనెసా డెల్ రే, రంగులు జోర్డీ బెల్లేర్. వీళ్లిద్దరూ అంతకుముందే 'రెడ్‌ల్యాండ్స్' అనే మంత్రగత్తెల కామిక్ చేసి ఉన్నారు, ఆ అనుభవం ఇందులో ప్రతి పుటలో తెలుస్తుంది. గీతలు గీరినట్టు, చెదిరినట్టు ఉంటాయి. కొందరికి మొదట నచ్చవు. రెండోసారి చదవండి.

ఆ తర్వాత 'బాలడ్ ఆఫ్ టూ వుల్వ్స్' వచ్చింది. తోడేలు, మూడు పందిపిల్లల కథ లాంటి పాత జానపద కథల్ని తిప్పి రాసినది, మికి మోంట్లో గీశాడు. దాని వెనక 'వైల్డ్ యానిమల్స్', 2024లో 'కోర్వో బియాంకో' వచ్చాయి. చివరిదాన్ని కొర్రాడో మస్తాంతువోనో గీశాడు. మూడో గేమ్ చివరి భాగం 'బ్లడ్ అండ్ వైన్'లో గెరాల్ట్‌కి ఒక ద్రాక్షతోట దొరుకుతుంది కదా, ఆ తోటలో యెనిఫర్‌తో అతని కాపురం ఇందులో ఉంది. మూడు గేమ్స్ ఆడి గెరాల్ట్‌ని సొంతమనిషిలా చూసుకున్నవాళ్లు దీన్ని వదలకూడదు.

సప్కోవ్‌స్కీ కథలనే నేరుగా గీసిన పుస్తకాలు ఏవి?

2022 నుంచి డార్క్ హార్స్ వీటిని గట్టి అట్టతో విడి గ్రాఫిక్ నవలలుగా తెస్తోంది. మొదటిది 'గ్రెయిన్ ఆఫ్ ట్రూత్'. యాచెక్ రెంబిష్ అనుసరణ, యోనస్ షార్ఫ్ చిత్రాలు. తర్వాత 'లెసర్ ఈవిల్', 'ఎడ్జ్ ఆఫ్ ది వరల్డ్' వచ్చాయి.

నవలలకంటే సప్కోవ్‌స్కీ కథల్నే నేను ఎక్కువగా ప్రేమిస్తాను, కారణం ఈ మూడూ చదివితే తెలుస్తుంది. 'గ్రెయిన్ ఆఫ్ ట్రూత్' నిజానికి అందగత్తె, మృగం కథే. పాడుబడ్డ భవనంలో మృగం మొహంతో బతుకుతున్న నివెలెన్ అనే మనిషి అతిథికి భోజనం పెట్టి తన శాపం గురించి సరదాగా కబుర్లు చెప్తాడు. నిజంగా భయపడాల్సింది అతన్ని చూసి కాదని కాసేపటికి అర్థమవుతుంది. 'లెసర్ ఈవిల్' స్నోవైట్ కథ. మరుగుజ్జుల చోట కిరాయి హంతకులు, రాకుమార్తె పేరు రెన్‌ఫ్రీ. ఆమెని చంపమని మాంత్రికుడు, మాంత్రికుణ్ని చంపమని ఆమె, ఇద్దరూ గెరాల్ట్‌నే అడుగుతారు. రెండు చెడుల్లో చిన్న చెడుని ఎంచుకోమంటారు. గెరాల్ట్‌కి 'బ్లావికెన్ కసాయి' అన్న పేరు ఆ రోజే అంటుకుంది, జీవితాంతం వదల్లేదు.

ఈ కథల్లో బొమ్మలకంటే సంభాషణ ఎక్కువ. పేజీ నిండా మాటల బుడగలు చూసి విసుక్కోకండి. మాటల్లోనే కత్తియుద్ధం జరుగుతుంటుంది.

సరే, నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

గేమ్ ఆడనివాళ్లు, నవలలు చదవనివాళ్లు అయితే 'గ్రెయిన్ ఆఫ్ ట్రూత్'. ఒకే పుస్తకం, ఒకే కథ, ముందూ వెనకా ఏమీ తెలియక్కర్లేదు. అది నచ్చితే 'హౌస్ ఆఫ్ గ్లాస్'. ఆ రెండూ నచ్చకపోతే మిగతావి కూడా నచ్చవు, డబ్బు మిగుల్చుకోవచ్చు.

గేమ్ ఆడినవాళ్లు 'హౌస్ ఆఫ్ గ్లాస్'తో మొదలుపెట్టి 'కర్స్ ఆఫ్ క్రోస్'కి వెళ్లండి. 'కోర్వో బియాంకో' మాత్రం 'బ్లడ్ అండ్ వైన్' ఆడాకే ముట్టుకోండి.

ప్రచురణ వరుసలోనే చదవాలన్న నియమం లేదు. దాదాపు అన్నీ ఎక్కడికక్కడ పూర్తయ్యే కథలు.

నవలలు చదవకుండా కామిక్స్ అర్థమవుతాయా?

అర్థమవుతాయి. అయినా నా సలహా, వీలైతే 'లాస్ట్ విష్' కథల సంపుటి ఒక్కటి చదవండి. గెరాల్ట్ ఎలా మాట్లాడతాడో, ఎప్పుడు మాట్లాడకుండా ఉంటాడో అందులో తెలుస్తుంది. కామిక్‌లో అతను మౌనంగా ఉన్న ప్యానెల్ చూసినప్పుడు ఆ మౌనం వెనక ఏముందో మీకు అందుతుంది. ఐదు నవలల సాగా తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

గేమ్‌లో నేను ఎంచుకున్న ముగింపుకీ కామిక్‌కీ పొంతన లేదేంటి?

మూడో గేమ్‌లో మన నిర్ణయాల్ని బట్టి ముగింపు మారుతుంది. కామిక్ రాసేవాళ్లు ఏదో ఒకదాన్ని పట్టుకోక తప్పదు. 'కర్స్ ఆఫ్ క్రోస్' సిరి విచర్ అయిన దారిని తీసుకుంది. 'కోర్వో బియాంకో' గెరాల్ట్, యెనిఫర్ కలిసున్న దారిని తీసుకుంది. గేమ్‌లో యెనిఫర్‌కి బదులు ట్రిస్ అనే ఇంకో మంత్రగత్తెని ఎంచుకున్నవాళ్లకి కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. ఇవి గేమ్‌కి అధికారికమైన తీర్పు అనుకోకుండా, జరగడానికి వీలున్న ఒక దారి అనుకుని చదవండి. 2024 డిసెంబర్‌లో ట్రైలర్ వచ్చిన నాలుగో గేమ్‌లో కూడా సిరియే ప్రధాన పాత్ర, విచర్‌గానే. కాబట్టి 'కర్స్ ఆఫ్ క్రోస్' పట్టుకున్న దారి గట్టిదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

కామిక్స్‌ని సప్కోవ్‌స్కీ ఒప్పుకుంటాడా? ఇవి అసలు కథలో భాగమేనా?

ఆయన మాట మొదటి నుంచీ ఒకటే. తన పుస్తకాలు తనవి, గేమ్స్ వేరు, అవి తన కథకి కొనసాగింపు కావు. గేమ్స్‌తో పాటు వచ్చిన కామిక్స్‌కీ ఇదే వర్తిస్తుంది. పాఠకులుగా మనం నొచ్చుకోవాల్సిన పని లేదు. మహాభారతం మీద వచ్చిన నాటకాలు, సినిమాలు అన్నీ మూలానికి కట్టుబడి లేవు, అయినా చూశాం.

ఆయనకీ గేమ్ కంపెనీకీ గొడవ జరిగిందని అంటారు, నిజమేనా?

నిజమే. మొదట్లో ఆయన లాభాల్లో వాటా వద్దని, ఒకేసారి డబ్బు తీసుకుని హక్కులిచ్చాడు. గేమ్ ఆడేది ఎవరులే అనుకున్నాడు. మూడో గేమ్ ప్రపంచమంతా అమ్ముడయ్యాక 2018లో ఆయన తరఫు లాయర్లు కనీసం 6 కోట్ల జ్లోటీలు (పోలండ్ కరెన్సీ) అదనంగా ఇవ్వాలని కంపెనీకి నోటీసు పంపారు. కోర్టు దాకా వెళ్లకుండానే 2019 డిసెంబర్ 20న కొత్త ఒప్పందం కుదిరింది. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ విడుదలైందీ ఆ రోజే.

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ కథ కామిక్స్‌లో ఉందా?

లేదు. ఆ సిరీస్ నవలల మీద ఆధారపడింది, డార్క్ హార్స్ కామిక్స్ గేమ్స్ రూపాన్ని అనుసరిస్తాయి. రెండూ వేరు కుటుంబాలు. సిరీస్‌లో గెరాల్ట్‌గా హెన్రీ కావిల్ వెళ్లి లియమ్ హెమ్స్‌వర్త్ వచ్చినా కామిక్‌లో మొహం మారకపోవడానికి కారణం అదే. డాండిలియన్‌ని సిరీస్‌లో యాస్కియర్ అంటారు, పోలిష్ మూలంలో పేరు అదే. ఇద్దరూ ఒకడే, కంగారు పడకండి. ఒక్క విషయం. 'గ్రెయిన్ ఆఫ్ ట్రూత్', 'లెసర్ ఈవిల్' కథలు సిరీస్‌లోనూ వచ్చాయి. సిరీస్ చూసి ఆ కథలు తెలుసు అనుకునేవాళ్లు గ్రాఫిక్ నవల తప్పకుండా చూడాలి. రెన్‌ఫ్రీతో మాటల్ని సాగనివ్వడానికి కాగితం మీద చోటుంది.

ఈ రాక్షసులు ఎక్కడి నుంచి వచ్చారు? అన్నీ కల్పితమేనా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. చాలావరకు కల్పితం కాదు, పల్లెల్లో నిజంగా నమ్మినవి. పోలిష్ నమ్మకాల్లో స్ట్రిగా అంటే రెండు ఆత్మలతో పుట్టిన మనిషి. ఒక ఆత్మ పోయినా రెండోది సమాధిలో మిగిలిపోయి లేచి వస్తుంది. లెషీ స్లావ్ అడవుల కాపరి, దారి తప్పించేవాడు. గేమ్స్‌లో, కామిక్స్‌లో లెషెన్ పేరుతో దుప్పికొమ్ముల తలతో కనిపిస్తాడు. మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగే తెల్లబట్టల ఆడదెయ్యం పోవుద్‌నిత్సా. కోతల కాలంలో ఎండ నెత్తిమీదికొచ్చాక పొలంలో ఉంటే పట్టుకుంటుందని భయపెట్టేవాళ్లు. వడదెబ్బకి పల్లెజనం చెప్పుకున్న కారణం అదీ. ఎండ తెలిసిన మనకి ఈ దెయ్యాన్ని ఎవరూ వివరించక్కర్లేదు.

అన్నీ స్లావ్ దెయ్యాలే అనుకోకండి. బ్రుక్సా పోర్చుగల్ వైపుది. 'ఫాక్స్ చిల్డ్రన్'లోని మాయనక్కలో చైనా, జపాన్ కథల నక్కల పోలికలున్నాయి. సప్కోవ్‌స్కీ ఎక్కడ మంచి దెయ్యం కనిపిస్తే అక్కడి నుంచి తెచ్చుకున్నాడు.

మాంగా (జపాన్ తరహా కామిక్) రూపంలో కూడా ఉందని విన్నాను?

ఉంది, పేరు 'రోనిన్'. 2021లో సీడీ ప్రాజెక్ట్ రెడ్ కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు సేకరించి తెచ్చింది. రాఫావ్ యాకీ రాశాడు, హటాయా గీశాడు. తర్వాత డార్క్ హార్స్ కూడా ప్రచురించింది. జపాన్ లాంటి లోకంలో గెరాల్ట్ యూకీ ఓన్నా అనే మంచుదెయ్యాన్ని వెంటాడతాడు, యోకాయ్‌లనే జపాన్ దెయ్యాలతో తలపడతాడు. యాకీ, స్టిబోర్ ఇద్దరూ 'సైబర్‌పంక్: ఎడ్జ్‌రన్నర్స్' అనిమే వెనక ఉన్నవాళ్లే. బొమ్మలు అందంగా ఉన్నాయి. విచర్ ఊళ్ల బురదవాసన మాత్రం ఇందులో దొరకదు.

పిల్లలకి కొనివ్వొచ్చా?

వద్దు. తెగిన తలలు, రక్తం, నగ్నత్వం, ఆడవాళ్ల మీద హింస అన్నీ ఉన్నాయి. 'కామిక్' అన్న మాట చూసి పుట్టినరోజు బహుమతిగా కొనేవాళ్లున్నారు. వాళ్లకి ముందే చెప్తున్నాను, ఇవి పెద్దవాళ్ల పుస్తకాలు. కాలేజీ వయసు వచ్చినవాళ్లకైతే ఫర్వాలేదు. 'విచెస్ లమెంట్' మాత్రం పెద్దవాళ్లు కూడా మనసు బాగున్న రోజు చూసుకుని చదవడం మంచిది.

ఎలా కొనాలి? విడి సంచికలా, సంకలనాలా?

మన దగ్గర విడి సంచికల కోసం తిరగడం దండగ. ప్రతి సిరీస్ పూర్తయ్యాక పేపర్‌బ్యాక్ సంకలనం వస్తుంది. మొదటి మూడు సిరీస్‌లు, 'కిల్లింగ్ మాన్‌స్టర్స్' కలిపి ఒకే ఓమ్నిబస్‌గా కూడా వచ్చాయి. లెక్కన చూస్తే అదే లాభం. పెద్ద సైజులో గట్టి అట్టతో లైబ్రరీ ఎడిషన్ కూడా ఉంది. క్వెరియో నల్లసిరా పేజీలు చూడటానికి అదే సరైన సైజు, అయితే బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. ఆన్‌లైన్‌లో ధరలు తరచూ మారుతుంటాయి, అవసరం లేని రోజుల్లో కూడా ఓ కన్నేసి ఉంచండి.

డిజిటల్ కావాలంటే కిండిల్‌లో దొరుకుతాయి. డార్క్ హార్స్ సొంత డిజిటల్ స్టోర్‌ని 2025లో మూసేసింది కాబట్టి పాత లింకుల మీద ఆధారపడొద్దు. ఫోన్‌లో చదవాలంటే 'హౌస్ ఆఫ్ గ్లాస్' కష్టం, చీకటి ప్యానెల్స్‌లో సగం వివరాలు కనిపించవు. ట్యాబ్ ఉంటే హాయి.

ఇంగ్లీష్ కష్టంగా ఉంటుందా?

డార్క్ హార్స్ సొంత కథల్లో తేలిక ఇంగ్లీషే. సప్కోవ్‌స్కీ కథల అనుసరణల్లో పాతకాలపు మాటతీరు, వ్యంగ్యం ఉంటాయి, అక్కడక్కడ ఆగి చదవాలి. బొమ్మలు సాయం చేస్తాయి.

మిమ్మల్ని అడిగితే మొత్తంలో గొప్పది ఏది?

బొమ్మల పరంగా 'విచెస్ లమెంట్', సందేహం లేదు. కథ పరంగా 'హౌస్ ఆఫ్ గ్లాస్'కీ 'ఫేడింగ్ మెమరీస్'కీ మధ్య ఎప్పుడూ ఊగుతుంటాను. యాకోబ్, అతని వైపు దూరం నుంచి చూసే భార్య. ఆ ఒక్క దృశ్యం కోసమైనా మొదటిది చదవాలి. రెండోదానిలో గెరాల్ట్ కత్తి దించే సందర్భాలే ఎక్కువ, అయినా పుస్తకం కింద పెట్టలేం.

నచ్చని విషయం కూడా చెప్పాలి కదా. కొన్ని సిరీస్‌లు నాలుగే సంచికల్లో ముగించాలన్న తొందరలో ఉంటాయి. మూడో సంచిక దాకా నెమ్మదిగా నడిచి నాలుగోదానిలో రహస్యాలన్నీ ఒక్కసారి కుమ్మరిస్తాయి. టోబిన్ కాలంలో ఐదు సంచికలుండేవి, ఆ ఒక్క సంచిక ఎంత ఊపిరినిచ్చేదో ఇప్పుడు తెలుస్తోంది. స్టిబోర్ మంచి రచయిత, ఇంకో ఇరవై పేజీలిస్తే ఇంకా బాగా రాస్తాడని నా నమ్మకం.

ఇంకా కొత్తవి వస్తున్నాయా?

వస్తున్నాయి. 2025లో 'ది బేర్ అండ్ ది బటర్‌ఫ్లై' మొదలైంది. రచన సైమన్ స్పరియర్, చిత్రాలు స్టీఫెన్ గ్రీన్. అటు సప్కోవ్‌స్కీ కూడా ఆగలేదు. 2024లో పోలిష్‌లో కొత్త నవల తెచ్చాడు, మరుసటి ఏడాది 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ రేవెన్స్' పేరుతో ఇంగ్లీష్‌లో వచ్చింది. కేర్ మోరెన్ నుంచి అప్పుడే బయటికొచ్చిన పద్దెనిమిదేళ్ల గెరాల్ట్ తొలి వేటల కథ. చిన్న ఊళ్లు, చిన్న గొడవలు, అనుభవం లేని కుర్రాడు. కామిక్‌కి ఇంతకంటే అనువైన సరుకు ఉండదు. దాన్ని గీయడానికి ఎవరైనా పూనుకుంటే ముందు వరుసలో నిలబడి కొంటాను.